పాయింట్ల కోసం పాట్లు

గ్యాలరీలో పట్టుమని పాతికమంది ఉండరు. వారిలోనూ సగం తల్లిదండ్రులు, కోచ్‌లే. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నిర్వహించే 15,000 డాలర్ల పురుషుల టోర్నీల్లో ఇది మామూలు దృశ్యం. ఆ ప్రైజ్‌మనీ కూడా అందరికీ కలిపే. సింగిల్స్ తొలి రౌండ్‌లో ఓడినవారి చేతికొచ్చేది 150 డాలర్ల పైచిలుకు. ప్రయాణం, హోటల్ గది, రాకెట్ తీగల ఖర్చుకు అది ఏ మూలకూ చాలదు.

అయినా కుర్రాళ్లు బారులు తీరతారు. ర్యాంకింగ్ పాయింట్ల వేట మొదలయ్యేది ఇక్కడే మరి. ఆ పాయింట్లూ శాశ్వతం కాదు. 52 వారాలు గడిస్తే లెక్కలోంచి పోతాయి. గాయపడితే గోవిందా!

పై మెట్టెక్కినా కష్టాలు తీరవు. 2023 సెప్టెంబర్‌లో భారత నంబర్‌వన్‌గా ఉన్న సుమిత్ నాగల్, తన ఖాతాలో మిగిలింది 900 యూరోలేనని వాపోయాడు. 2024 జనవరిలో అతడే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో 31వ సీడ్ బుబ్లిక్‌ను ఓడించి, రెండో రౌండ్ చేరినందుకు 1,80,000 ఆస్ట్రేలియన్ డాలర్లు అందుకున్నాడు. ఫిబ్రవరిలో సొంతగడ్డపై చెన్నై చాలెంజర్ గెలిచి తొలి వందమందిలో చేరాడు.

నాగల్ నిలదొక్కుకున్నాడు. అతడి వెనక వచ్చేవారికి మాత్రం ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ముందు ర్యాంకు వస్తుందా, ఇంట్లో డబ్బు అయిపోతుందా?