కరాటే నేర్చుకునే పిల్లలకు తుంటి వ్యాయామం: ఎంత మోతాదు?

తల్లిదండ్రులారా! మీ అబ్బాయి గానీ అమ్మాయి గానీ కరాటే, తైక్వాండో క్లాసు నుంచి వచ్చి గజ్జల్లో నొప్పి అంటున్నారా? ఇప్పుడు పల్లెటూళ్ల ప్రభుత్వ బడులలో కూడా ఆత్మరక్షణ శిక్షణలో భాగంగా బాలికలకు కరాటే నేర్పుతున్నారు. మంచిదే. అయితే తుంటికి ఎంత వ్యాయామం చేయించాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఇంట్లోవారికి తెలిసి ఉండాలి.

కాలు ఎత్తి కిక్ కొట్టేటప్పుడు శరీర బరువంతా రెండో కాలి మీద పడుతుంది. అప్పుడు నడుము ఒరిగిపోకుండా పట్టి ఉంచేది నిలబడిన కాలి వైపున్న పిరుదు పక్క కండరం. దాని బలం మీరే చూడవచ్చు. పిల్లవాణ్ణి అరుగు మెట్టు మీద ఒంటికాలితో నిలబెట్టి, రెండో కాలి మడమను మెల్లగా నేలకు తాకించమనండి. మోకాలు లోపలికి వాలిపోతుంటే, నడుము ఒక పక్కకు జారుతుంటే ఆ కండరానికి బలం చాలలేదన్నమాట.

వ్యాయామం చేస్తే పిల్లలు పొట్టిగా ఉండిపోతారని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. పెద్దల పర్యవేక్షణలో సరిగా చేసే బలవ్యాయామం వల్ల ఎదుగుదల ఆగదని 2020లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా తన నివేదికలో తెలిపింది. ప్రమాదమంతా మోతాదు మించినప్పుడే.

వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడిచి నడుము పైకి లేపడం, పక్కకు పడుకొని పై కాలు ఎత్తడం, పైన చెప్పిన మెట్టు దిగడం. మొదట ఈ మూడు చాలు. ఒక్కొక్కటి 8 నుంచి 15 సార్లు, రెండు విడతలు, వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామం ఇచ్చి చేయించండి. చివరి రెండు సార్లు బరువుగా అనిపించాలి గానీ తీరు చెడకూడదు. ఆపినప్పుడు "ఇంకో రెండు చేయగలను" అని పిల్లవాడు అనగలిగితే సరైన మోతాదు. 15 సార్లు తేలికగా చేసేస్తుంటే అప్పుడు కొద్దిగా పెంచండి. మర్నాడు కండరం కాస్త పట్టేసినట్లుండటం మామూలే. కానీ గజ్జల్లో ఒకే చోట పొడిచినట్లుంటే, నడక మారితే ఆ వ్యాయామం ఆపాలి.

లెక్కలో క్లాసు ఒక్కటే కాదు. ఎర్రుపాలెం మండలంలో బడికి సైకిల్ తొక్కే పిల్లవాడు, మిరప కోతల రోజుల్లో చేనుకు వెళ్లే పిల్ల, ఆ శ్రమ అంతా అదే తుంటి మీద పెడుతున్నారు. అటువంటి వారాల్లో వ్యాయామం ఒక రోజు తగ్గించండి.

పిల్లలు ఒక్కసారిగా పొడుగు సాగే వయసులో ఇంకా జాగ్రత్త అవసరం. ఆడపిల్లల్లో సుమారు 11–12 ఏళ్లకు, మగపిల్లల్లో 13–14 ఏళ్లకు ఇది జరుగుతుంది. కండరం ఎముకకు అంటుకునే చోట అప్పటికి మెత్తటి మృదులాస్థి ఉంటుంది. తుంటి చుట్టూ ఉన్న ఇటువంటి అతుకులు కొన్ని 16–18 ఏళ్లకు గట్టిపడతాయి. కూర్చునే ఎముక దగ్గరిది 20 దాటితే గానీ పూర్తిగా గట్టిపడదు. అందుకే బలంగా కిక్ కొట్టినప్పుడు, ఎవరో భుజాల మీద నొక్కి కాళ్లు రెండు వైపులా చాపించినప్పుడు "టప్" మని శబ్దం వచ్చి చిన్న ఎముక ముక్క ఊడి రావచ్చు. అలా నొక్కవద్దని మాస్టారికి నిర్మొహమాటంగా చెప్పండి. ఒకవేళ జరిగితే మాలిష్ చేయించవద్దు, నాటు కట్టు కట్టించవద్దు. చాలావరకు చంకకర్రలతో, కొన్ని వారాల విశ్రాంతితో నయమవుతుంది.

పతకాలకు తొందరెందుకు? నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ విజేత. 2017లో భుజం గాయంతో చాలాకాలం ఆటకు దూరమైంది. పెద్దల ప్రపంచ టైటిల్ గెలిచింది 2022లో, మళ్లీ టర్కీలోనే.

చివరగా, మీరు అసలు మరచిపోకూడనిది ఒకటుంది. 10–16 ఏళ్ల పిల్లల్లో, ముఖ్యంగా బరువు ఎక్కువ ఉన్నవారిలో, తొడ ఎముక పైనుండే బంతి తన స్థానం నుంచి జారవచ్చు. నొప్పి మాత్రం చాలాసార్లు మోకాలిలోనో తొడలోనో కనిపిస్తుంది. మోకాలికి ఎక్స్‌రే తీస్తే ఏమీ ఉండదు. బెణుకని మలాం రాసి మళ్లీ క్లాసుకు పంపిస్తారు. పిల్లవాడు కుంటుతుంటే, పాదం బయటికి తిరిగి ఉంటే, కూర్చుని మోకాలు ఎత్తినప్పుడు కాలు బయటికే వాలుతుంటే ఆ రోజు నుంచే నడిపించవద్దు. ఎత్తుకొని గానీ బండి మీద గానీ ఆ రోజే ఎముకల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. రెండు తుంటి కీళ్లకూ ఎక్స్‌రే అడగండి. తొందరగా గుర్తిస్తే ఒక స్క్రూతో బంతిని ఉన్నచోటే నిలపవచ్చు. ఆలస్యమైన కొద్దీ అది ఇంకా జారుతుంది.