నల్లమల కొండలు – కృష్ణా సరస్సు

పర్వతము, దాని పాదముల వద్ద సరస్సు, సరస్సు ఒడ్డున ఊళ్ళు – ఈ మూడును కలిసిన దృశ్యము అనగానే మన విద్యార్థులకు నైనితాల్ గాని, కాశ్మీరములోని దాల్ సరస్సు గాని స్ఫురిస్తుంది. సినిమా పాటలు చూచి ఏర్పడిన అభిప్రాయము అది. అటువంటి ప్రదేశము మన మానవపాడునకు ఒక పూట ప్రయాణములోనే ఉన్నదని నేను తరగతిలో చెప్పినప్పుడు పలువురు నవ్వినారు. నవ్వవలసినదే. హిమాలయములకు మంచు ఉన్నది. మన నల్లమల చైత్రము వచ్చేసరికి ఆకు రాల్చి బూడిద రంగులోనికి మారుతుంది. నైనితాల్ సరస్సును ప్రకృతి నిర్మించినది, మన సరస్సును మనుష్యులు నిర్మించినారు. ఈ మాట చెప్పుచుండగా వెనుక వరుసలోని ఒక విద్యార్థి లేచి, "సార్, మా తాత ఊరు ఆ నీళ్ళ కిందనే ఉన్నది" అన్నాడు. ఆ తరువాత ఎవరును నవ్వలేదు. ఈ వ్యాసము ఆ మాట నుండి పుట్టినది.

ముందుగా భూగోళ స్వరూపమును చూతము. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లాను విభజించినప్పుడు మన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు ఏర్పడినవి. మనము నివసించే నడిగడ్డకు ఉత్తరమున కృష్ణ, దక్షిణమున తుంగభద్ర. జూరాల దాటి, బీచుపల్లి వంతెన క్రిందుగా సాగిన కృష్ణలో అలంపురమునకు దిగువన తుంగభద్ర కలుస్తుంది. అక్కడి నుండి నది నది వలె ఉండదు. ఆవలి గట్టు కంటికి ఆననంత వెడల్పై, కొల్లాపురము మీదుగా తూర్పునకు సాగి, నల్లమల కొండల నడుమ లోతైన ఇరుకు లోయలోనికి ప్రవేశిస్తుంది. ఇదియే శ్రీశైలం జలాశయము. ఉత్తరపు ఒడ్డు నాగర్‌కర్నూలు జిల్లాది, దక్షిణపు ఒడ్డు ఆంధ్రప్రదేశ్‌ది.

నల్లమల అనగా నల్లని కొండ. మన వైపు గుట్టలు గుండ్రని నల్లరాతి బండలు. నల్లమలలో రాయి పొరలు పొరలుగా, బల్లపరుపుగా ఉంటుంది. వంద కోట్ల సంవత్సరములకు పైబడిన పురాతన సముద్రములలో పేరుకొన్న ఇసుక గట్టిపడి ఏర్పడిన రాయి అది. అందువలననే కొండ శిఖరములు వాడిగా ఉండక, పైన విశాలమైన మైదానములుగా ఉన్నవి. అమ్రాబాదు పీఠభూమి అట్టిదే. అచ్చంపేట దాటి మన్ననూరు ఘాటు ఎక్కినవారికి, కొండ ఎక్కిన పిమ్మట శిఖరము కాక మరొక నేల కనిపించుట ఆశ్చర్యము కలిగిస్తుంది.

ఈ సీమకు మనము పరాయివారము కాము. శ్రీశైల క్షేత్రమునకు నాలుగు ద్వారములని సంప్రదాయము. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, ఉత్తరమున అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరము, పశ్చిమమున మన అలంపురము. ఏడు, ఎనిమిది శతాబ్దులలో బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయములు, జోగులాంబ పీఠము, ప్రక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా – ఇవన్నియు ఆ పశ్చిమ ద్వారమున ఉన్నవి. ఉత్తర ద్వారము వద్దను అంతే. ఉమామహేశ్వరము కొండ క్రింద రంగాపురములో నిరంజన్ షావలి దర్గా ఉన్నది. అక్కడి ఉర్సుకు, కొండపై జాతరకు ఒకే జనము పోవుట ఆ ప్రాంతమువారికి వింత కాదు.

ఇక సరస్సు కథ. శ్రీశైలం ఆనకట్టకు 1963 జూలై 24న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసినారు. మొదట దానిని విద్యుత్తు కొరకే తలపెట్టినారు. సాగునీరు, మద్రాసు నగరమునకు త్రాగునీరు తరువాత చేరిన ఆలోచనలు. ఆనకట్ట పొడవు 512 మీటర్లు, ఎత్తు 145 మీటర్లు, గేట్లు 12, నిండు నీటిమట్టము సముద్రమట్టము నుండి 885 అడుగులు. ఈ 885 అను అంకెను విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. నాటి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలలో ఆ మట్టమునకు లోబడిన ఇల్లు, పొలము, బావి, శ్మశానము ఏదైనను నీటిదే అయినది.

వందకు పైగా గ్రామములు, లక్షకు పైగా జనము. 1981లో ఊళ్ళను ఖాళీ చేయించుటకు అధికారులు పోలీసు బందోబస్తుతో వచ్చి ఇండ్లను పడగొట్టించినారు. ఏటి ఒడ్డున మూడు పంటలు పండిన ఒండ్రు నేల పోయి, మిట్టన ఎర్రచెలక మిగిలినది. పరిహారము ఆనాటి రికార్డులలోని ధర ప్రకారము లెక్కించబడినది. ఆ సొమ్ముతో అంత భూమి మరి ఎక్కడను దొరకలేదు. 1986లో ప్రభుత్వము 98వ నంబరు ఉత్తర్వు వెలువరించి, నిర్వాసిత కుటుంబములో ఒకరికి ఉద్యోగము ఇచ్చునట్లు నిర్ణయించినది. కొందరికి వచ్చినది. రానివారు దశాబ్దముల తరబడి దరఖాస్తులు పెట్టుచు, ధర్నాలు చేయుచు వృద్ధులైనారు. మన ప్రాంతములో "తొంబై ఎనిమిది జీవో" అంటే అర్థము చెప్పనక్కరలేదు.

గుడుల విషయములో మాత్రము శ్రద్ధ చూపినారు. తుంగభద్ర కృష్ణలో కలియుచోట నున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాతికి రాయి విప్పి, అంకెలు వేసి, అలంపురము తెచ్చి తిరిగి నిలబెట్టినారు. జటప్రోలు, సోమశిల ఆలయములను కూడ మిట్టకు మార్చినారు. ఈ పనిని నేను తప్పు పట్టుట లేదు. అలంపురములో ఆ సంగమేశ్వరాలయపు గోడల మీది శిల్పములను చూచినవారెవరును తప్పు పట్టలేరు. కాని ఒక రాయి ప్రక్కన ఏ రాయి ఉండవలెనో అంత జాగ్రత్తగా లెక్క వ్రాసినవారు, ఒక ఇంటి ప్రక్కన ఏ ఇల్లు ఉన్నదో ఎందుకు వ్రాసుకొనలేదని అడుగవలసి ఉన్నది. ఒకే ఊరివారు నాలుగు ఊళ్ళకు చెదిరినారు. సమాధులు ఎక్కడివి అక్కడనే ఉండిపోయినవి. ఫాతిహా చదువుటకు ఏటి గట్టున నిలిచి నీటి వైపు చేతులెత్తవలసినదే.

సరస్సు కూడ మొదటి వలె లేదు. ఏటేటా కృష్ణ, తుంగభద్ర తెచ్చే ఒండ్రు అడుగున పేరుకొనుచున్నది. ఆరంభమున 308 టి.ఎం.సి.లు పట్టిన జలాశయములో ఇప్పుడు 215 టి.ఎం.సి.ల పైచిలుకు మాత్రమే పట్టుచున్నది. అనగా దాదాపు మూడవ వంతు మట్టిపాలైనది. దాని మీదనే ఆశలన్నియు ఉన్నవి. ఎల్లూరు వద్ద కల్వకుర్తి ఎత్తిపోతల, నార్లాపురము వద్ద 2023లో ప్రారంభమైన పాలమూరు–రంగారెడ్డి పథకము, ఆవలి ఒడ్డున పోతిరెడ్డిపాడు – అన్నియు ఈ నీటినే తోడుకొనుచున్నవి. రెండు రాష్ట్రముల మధ్య తగవు కూడ ఈ నీటి గురించియే.

వెనుక నీరు ఎంత దూరము తన్నుతుందో మనకు 2009 అక్టోబరులో తెలిసినది. ఎగువన అసాధారణమైన వర్షములు కురిసి, సుమారు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహము జలాశయములోనికి వచ్చినప్పుడు నీటిమట్టము 885 దాటి 896 అడుగులకు చేరినది. కర్నూలు నగరము, అలంపురము మునిగినవి. తుంగభద్ర ఒడ్డున రాజోలిలో మగ్గములు, నూలు, ఇండ్లు ఒకే రాత్రిలో పోయినవి. ఇప్పటి విద్యార్థులు అప్పుడు చంటిబిడ్డలు. ఇంటిలో పెద్దలను అడిగిన చెప్పుదురు.

ఇంత చెప్పిన తరువాత చూడదగిన స్థలములను గురించి వ్రాయుట బాగుండునా అని నాలో నేను తర్కించుకొన్నాను. చూడవలెననియే నా అభిప్రాయము. మానవపాడు నుండి జాతీయ రహదారి ఎక్కి, బీచుపల్లి వద్ద కృష్ణ దాటి, పెబ్బేరు నుండి కుడివైపునకు తిరిగిన కొల్లాపురము చేరగలము. మామిడి తోటలకు ఆ ఊరు పేరుపొందినది. జటప్రోలు సంస్థానపు సురభి వంశీయుల కోట అక్కడ ఉన్నది. "చంద్రికా పరిణయము" అను శ్లేషకావ్యమును రచించిన సురభి మాధవరాయలు ఆ వంశపు ప్రభువే. తెలుగు ఎం.ఏ. చదివే రోజులలో ఆ కావ్యము నన్ను ఎంత బాధించినదో చెప్పను. కాని ఆ కవి ఊరు చూచిన తరువాత కొంత క్షమించినాను.

కొల్లాపురమునకు సుమారు పది కిలోమీటర్ల దూరమున సోమశిల. మెట్ల మీద నిలిచిన ఎదుట సముద్రము వలె నీరు, దాని కావల నల్లమల నీలిగీత. ఒడ్డున జాలరుల గుడిసెలు, ఎండుచేపల వాసన. అక్కడి నుండి శ్రీశైలమునకు 2024లో పర్యాటక శాఖవారు లాంచీ నడిపినారు. కొండల నడుమ ఆ జలప్రయాణము నిజముగా నైనితాల్‌ను మరపిస్తుంది. అయితే ఇరువైపుల గ్రామములవారికి పడవ విహారము కొరకు ఏర్పడినది కాదు. సరస్సు వచ్చి వారి బాటలను తెంచివేసినది. బంధువుల ఇండ్లకు, సంతకు పడవ తప్ప గతి లేకపోయినది. 2007 జనవరిలో మంచాలకట్ట రేవు నుండి బయలుదేరిన పడవ మునిగి అరవైమందికి పైగా మరణించినారు. సోమశిల వద్ద వంతెన కావలెనను కోరిక అప్పటి నుండి బలపడినది. 2022లో కేంద్ర ప్రభుత్వము తీగల వంతెనకు అనుమతి ప్రకటించినది.

రెండవ మార్గము అచ్చంపేట, మన్ననూరుల మీదుగా శ్రీశైలము పోవునది. మన్ననూరు దాటిన పిమ్మట దట్టమైన అడవి. రాత్రివేళ వాహనములను పోనీయరు. టేకు, నల్లమద్ది, ఇప్ప, వెదురు. పులి, చిరుత, ఎలుగుబంటి, రేచుకుక్కలు. ఇది అమ్రాబాదు పులుల అభయారణ్యము, 2,600 చదరపు కిలోమీటర్లకు మించినది. త్రోవలో ఫరహాబాదు అను చోట కొండ అంచున నిలిచిన, క్రింద అడవి పచ్చని జంపఖానా పరచినట్లు ఉంటుంది. ఉర్దూ విద్యార్థులకు ఆ పేరు అర్థము తెలుసును – ఫరహ్ అనగా ఆనందము. నిజాము ప్రభువులు వేటకు విడిది చేసిన తావు అది. మల్లెలతీర్థము జలపాతము, చైత్ర పౌర్ణమికి మాత్రమే జనము పోగలిగే సలేశ్వరము లోయ కూడ ఈ అడవిలోనివే.

ఈ అడవికి యజమానులనదగినవారు చెంచులు. వారి ఊరిని పెంట అందురు – అప్పాపురము పెంట, రాంపురము పెంట. మాతృభాష తెలుగే. అహోబిల నరసింహస్వామి తమ అల్లుడని వారి నమ్మకము. ఆస్ట్రియా దేశీయుడైన మానవ శాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ 1940లో ఈ పెంటలలో నివసించి, 1943లో వారిని గురించి గ్రంథము ప్రకటించినాడు. గడ్డలు త్రవ్వుట, జిగురు ఏరుట, తేనె తీయుట వారి జీవనము. కొండచరియకు పట్టిన తేనె తీయునప్పుడు మనిషి తాటికి వ్రేలాడి దిగవలెను. పైన తాడు పట్టువాడు సొంత అన్నదమ్ముడు కాక బావమరిది అయి ఉండవలెనని వారి కట్టుబాటు. తన తోబుట్టువు విధవ కాకూడదని అతడు తాడు వదలడు! ఇంతకంటె గట్టి భీమా పథకము నాకు తెలియదు.

2019లో ఈ అడవిలో యురేనియం అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు చెంచులు, రైతులు, విద్యార్థులు ఎదిరించినారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకముగా తీర్మానించినది. ఇప్పుడు ప్రశ్న వేరు. పులుల కొరకు సార్లపల్లి, కుడిచింతలబైలు మున్నగు గ్రామములను అడవి నుండి వెలుపలికి తరలించు ప్రయత్నము సాగుచున్నది. కుటుంబమునకు 15 లక్షల రూపాయలు లేదా భూమి, ఇల్లు. పోదుమనువారు ఉన్నారు, పోమనువారు ఉన్నారు. బడి, ఆసుపత్రి దగ్గరగా దొరకునని కోరుకొనువారిని తప్పనలేము. 2006 నాటి అటవీ హక్కుల చట్టము గ్రామసభ సమ్మతి లేనిదే కదలించరాదనుచున్నది. 1981లో అటువంటి చట్టము లేదు, అడిగినవారును లేరు. ఈసారి కాగితము మీది సమ్మతి నిజమైన సమ్మతియేనా అన్నదే చూడవలసిన విషయము. నిర్వాసితుల మనుమలు మన కళాశాలలో చదువుచున్నారు. ఈ విషయమును తూచుటకు వారికి మించిన అర్హులు ఉండరు.

అడవి క్రింద కూడ మనిషి ప్రయాస సాగుచున్నది. ఈ జలాశయపు నీటిని నల్గొండకు చేర్చుటకు 44 కిలోమీటర్ల సొరంగము త్రవ్వుచుండగా, 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి ఎనిమిదిమంది కార్మికులు లోపల చిక్కి మరణించినారు.

మా కళాశాల కమిటీవారు విహారయాత్రకు అనుమతించినచో వేసవి ఆరంభమున పోవుట మేలు. నీరు బాగుగా తగ్గి ఉంటుంది. సోమశిలకు ఎదుటి ఒడ్డున సప్తనదీ సంగమేశ్వరము ఆ రోజులలో నీటి నుండి బయటపడుతుంది. వేపకర్రతో చేసిన లింగము అక్కడ పూజలందుకొనుచున్నది. అదే రోజులలో పాత ఊళ్ళ పునాదులు, బావుల ఒరలు, మొండి గోడలు కూడ బయటికి వస్తాయి. ముసలివారు మనుమలను వెంటబెట్టుకొని వచ్చి, ఇది మన వాకిలి, ఇది గడపరాయి అని బురదలో చూపించుదురు. మా తరగతి విద్యార్థి తాత బ్రదికి ఉన్నాడట. ఆయనను కూడ బస్సులో కూర్చుండబెట్టుకొని పోదమని అనుకొన్నాము. జూలై, ఆగస్టు మాసములలో ఎగువన వరద వచ్చి నీరు గర్భగుడి మెట్లు ఎక్కగానే పూజారి చివరి హారతి ఇచ్చి గట్టుకు చేరుకొంటాడు. ఆ లోపుననే పోయి రావలెను.