ఆటిజమూ – స్వతంత్ర గాయకుడూ

ఆటిజమును మనలో పలువురము పొగరనియో, మందబుద్ధియనియో పొరబడుచున్నాము. అది మెదడు వికాసములో పుట్టుకతో వచ్చు భేదము. కొందరికి ఎదుటివారి కన్నులలోనికి చూచి మాట్లాడుట కష్టము. కొందరికి పెద్ద శబ్దములు దుర్భరములు. ఇష్టమైన పనిలో మాత్రము గంటల తరబడి లగ్నమగువారు పెక్కురు.

1958లో లండన్‌లో జన్మించిన గాయకుడు, గీతకర్త గ్యారీ న్యూమన్ తనకు ఆస్పర్జర్ లక్షణములున్నవని తానే చెప్పుకొన్నాడు. 2013లో అమెరికా మనోవైద్యుల వర్గీకరణ ఆ పేరును ఆటిజములో చేర్చినది. 1978లో, స్టూడియోలో ఎవరో వదలిపోయిన మినీమూగ్ సింథసైజర్‌ను మీటి చూచి, గిటారు పాటలను దానికి మలచుకొన్నాడు. మరుసటి యేడే ఆయన పాటలు రెండు బ్రిటన్‌లో ప్రథమస్థానము పొందినవి. చలనము లేని ముఖమును చూచి పత్రికలు ఎద్దేవ చేసినవి. తరువాత ఆదరణ సన్నగిల్లినది. ఆయన పట్టు విడువలేదు. 2017 నాటి ‘సావేజ్’ ఆల్బమునకు శ్రోతలే ముందుగా డబ్బు చెల్లించిరి. అది అచట ద్వితీయస్థానమునకు చేరినది.

ప్రాపు లేని కళాకారునికి తన పద్ధతిలో పనిచేయు వీలు, నమ్మిన కొద్దిమంది శ్రోతలు చాలును. మన తరగతిలో ఒంటరిగా కూనిరాగము తీయు మిత్రుని నవ్వులపాలు చేయక, వార్షికోత్సవమునకు ముందు అతనికొక నిశ్శబ్దమైన గదిని, నిశ్చితమైన వేళను కల్పింతము. ఆ తొలి శ్రోతలము మనమే కావలెను.