కాలిబాట మీద మోటారు బండి

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్బీ నగర్‌కు 2018 సెప్టెంబరు 24న మెట్రో రైలు మొదలయ్యాక స్టేషను మెట్లు దిగేవారికి కాలిబాట మరింత అవసరమైనప్పటికీ, రద్దీ వేళల్లో ద్విచక్ర వాహనాలు దాని మీదికే ఎక్కుతున్నాయి. దుకాణాల ముందు అంచురాయిని, అంటే రోడ్డునూ కాలిబాటనూ వేరుచేసే గట్టును, వాలుగా దించిన చోటే వాటికి దారి దొరుకుతుంది.

యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అనుమతిస్తే తప్ప, కాలిబాటపైగాని సైకిళ్లకు కేటాయించిన బాటపైగాని మోటారు వాహనం నడపరాదని 1989 నాటి రహదారి నిబంధనలే నిర్దేశించాయి. వేగం రెట్టింపైతే తాకిడి శక్తి నాలుగింతలవుతుంది గనుక, గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిచేవారి పక్కనుంచి 20 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే స్కూటరు కూడా ప్రమాదకరమే.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం కాలిబాటపై అడ్డంకులు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. ఆ జాగాను బండ్లు ఆక్రమిస్తే పిల్లలు, వికలాంగులు వాహనాల నడుమకు దిగవలసి వస్తుంది. కాలిబాట హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 మే నెలలో స్పష్టం చేసింది. కనుక వాలుల దగ్గర చక్రాల కుర్చీకి దారి వదులుతూ అడ్డుస్తంభాలు నాటడం, జరిమానాలను నిలకడగా అమలుచేయడం నగర పాలన నెరవేర్చవలసిన బాధ్యత.