వాహన సంరక్షణ - ఇంధన పొదుపు

ఒకప్పుడు విలాసవస్తువుగా భావించిన కారు నేడు ఎన్నో మధ్యతరగతి కుటుంబాలకు అవసరంగా మారింది. కొనేటప్పుడు అది లీటరుకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందని అడగనివారు అరుదు. కొన్న తరువాత ఆ ప్రశ్న మళ్ళీ వేసుకొనేవారు మరీ అరుదు. మైలేజి తగ్గితే బండి పాతబడిందని సరిపెట్టుకొంటారు. కాని చాలా సందర్భాలలో దోషం కారు వయస్సుది కాదు, సంరక్షణది.

పెట్రోలు మండినప్పుడు పుట్టే శక్తి అంతా చక్రాలకు చేరదు. అందులో అధికభాగం వేడిగా మారి రేడియేటరు ద్వారా, పొగగొట్టం ద్వారా వెలుపలికి పోతుంది. మిగిలిన కొద్ది శక్తితోనే బండి నడవాలి. ఆ కొద్దిలోనూ ఘర్షణ తన వాటా తీసుకొంటుంది. ఆ వాటాను తగ్గించడమే సంరక్షణ పరమార్థం.

అన్నింటికంటె సులభమైనది టైర్లలో గాలి చూసుకోవడం. గాలి తగ్గిన టైరు రోడ్డుపై ఎక్కువగా నలుగుతుంది, వేడెక్కుతుంది. ఆ వేడి ఇంధనం నుండి వచ్చినదే. నాలుగు టైర్లలో సగటున ఒక్క పౌండు ఒత్తిడి తగ్గితే మైలేజి సుమారు 0.2 శాతం పడిపోతుందని అమెరికా ఇంధనశాఖ అంచనా. ఎంత గాలి ఉండాలో సాధారణంగా డ్రైవరు తలుపు పక్కన అంటించిన చీటీపై ఉంటుంది. బండి నడవకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. అలాగే బ్రేకులు పూర్తిగా వదలకుండా పట్టి ఉన్నా, చక్రాల అలైన్‌మెంటు తప్పినా ఇంజిను అదనంగా శ్రమించవలసి వస్తుంది. తయారీదారు సూచించిన దానికంటె చిక్కని ఇంజిన్ ఆయిల్ పోస్తే ఒకటి రెండు శాతం మైలేజి తగ్గవచ్చు.

ఎయిర్ ఫిల్టరు విషయంలో పాత నమ్మకాన్ని కొంత సవరించుకోవాలి. కార్బ్యురేటరు ఉన్న కార్లలో ఫిల్టరు దుమ్ముతో పూడుకుపోతే గాలి తగ్గి, పెట్రోలు పాలు పెరిగేది. మన దేశంలో 2000వ సంవత్సరం నుండి ఉద్గార నిబంధనలు కఠినతరం కావడంతో కొత్త కార్లలో ఆ స్థానాన్ని కంప్యూటరు అదుపులో పనిచేసే ఇంధన ఇంజెక్షన్ పద్ధతి ఆక్రమించింది. లోనికి వచ్చిన గాలిని బట్టి ఇంధనాన్ని కొలిచి పంపడం దీని విశేషం. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో ప్రకటించిన పరీక్షలలో, ఇటువంటి కార్లకు ఫిల్టరు పూడుకుపోయినా మైలేజి చెప్పుకోదగినంతగా తగ్గలేదు. కారు వేగం పుంజుకొనే శక్తి మాత్రం తగ్గింది. అయినా ఫిల్టరును ఉపేక్షించరాదు. దుమ్ము ఇంజినులోకి చేరకుండా కాపాడేది అదే.

కంటికి కనిపించని లోపాలే కొన్నిసార్లు ఎక్కువ నష్టం చేస్తాయి. పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక పాలు పెట్రోలుకు బరువులో సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. ఆ నిష్పత్తి కుదిరిందో లేదో పొగగొట్టంలో అమర్చిన ఆక్సిజన్ సెన్సరు కంప్యూటరుకు తెలుపుతుంది. వేలెడంత ఈ భాగం చెడిపోతే ఇంధనం అవసరానికి మించి పోతుంది. అటువంటి తీవ్రమైన లోపాన్ని సరిచేస్తే మైలేజి 40 శాతం వరకు మెరుగుపడవచ్చని ఆ ఇంధనశాఖే చెబుతున్నది. అందుకే ఇంజిన్ హెచ్చరిక దీపం వెలిగినప్పుడు ఉపేక్షించక మెకానిక్కుకు చూపించాలి.

విడిభాగాలు మార్చేటప్పుడు ధర ఒక్కటే చూడరాదు, ఆ కారుకు తగినదేనా అని విచారించాలి. అందంకోసం మరీ వెడల్పు టైర్లు వేసినా, సరిపడని స్పార్క్ ప్లగ్గులు బిగించినా ఆదా చేసిన సొమ్ము పెట్రోలు బంకులో చెల్లించవలసి రావచ్చు. మైలేజి పెంచుతామని అమ్మే అద్భుత సాధనాలనూ గుడ్డిగా నమ్మరాదు. అటువంటివి 100కు పైగా పరిశీలించిన అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థకు, చెప్పుకోదగిన మేలు చేసేది ఒక్కటీ కనిపించలేదు.

లోపాన్ని ముందే కనిపెట్టే మార్గం సులభమైనదే. ట్యాంకు నిండా పెట్రోలు పోయించి మీటరు అంకె రాసుకోవాలి. మళ్ళీ నింపినప్పుడు నడిచిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించాలి. నెలకు వెయ్యి కిలోమీటర్లు నడిచే కారు మైలేజి 15 నుండి 12కు పడిపోయిందనుకొంటే, ఏడాదికి 200 లీటర్లు అదనంగా ఖర్చవుతుంది. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. అంటే ఒక్క కారు అజాగ్రత్త వల్ల 460 కిలోల వాయువు గాలిలో కలుస్తుంది.

భారతదేశం తన ముడిచమురు అవసరాలలో 85 శాతానికి పైగా దిగుమతులపైనే ఆధారపడుతున్నది. కనుక వృథా అయ్యే ప్రతి లీటరు ఇంటి ఖర్చునే కాదు, దేశపు ఖర్చునూ పెంచుతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవద్దన్నారు పెద్దలు. నెలకొకసారి టైర్లలో గాలి చూసుకోవడానికి పట్టే కొద్ది నిమిషాలు ఆ హితవును ఆచరణలో పెట్టడమే.