స్పీకర్ పీఠానికి దారి ఎటు?

సిరిసిల్ల మరమగ్గాల కార్మికుడు, కోరుట్లలో బీడీలు చుట్టే మహిళ, జగిత్యాల పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన వలస కూలీ చట్టసభల్లో ప్రస్తావనకు వస్తూనే ఉంటారు. అయితే వారు అక్కడ చర్చనీయాంశాలు మాత్రమే. చర్చను నడిపే స్థానం వారిది కాదు. ఈ అంతరాన్ని గురించి ఆలోచించినప్పుడల్లా నాకు జి.ఎం.సి. బాలయోగి జ్ఞాపకం వస్తారు.

1951లో కోనసీమలోని సాధారణ దళిత వ్యవసాయ కుటుంబంలో పుట్టిన ఆయన కాకినాడలో న్యాయవాది అయ్యారు. 1987లో తూర్పుగోదావరి జిల్లా పరిషత్ అధ్యక్షుడిగా, 1991లో అమలాపురం ఎంపీగా ఎన్నికయ్యారు. 1998 మార్చి 24న లోక్‌సభ స్పీకర్ పీఠమెక్కిన తొలి దళితుడయ్యారు. రాజ్యాంగం అమలులోకి వచ్చిన 48 ఏళ్లకు గాని అది సాధ్యపడలేదు.

ఆ పదవి సామాజిక న్యాయ సంకల్పంతో దక్కిందని నేను అనను. వాజపేయి సంకీర్ణానికి తెలుగుదేశం మద్దతు అవసరమైంది. రిజర్వేషన్ ఆయనను సభ దాకా తెస్తే, సంకీర్ణ అవసరం పీఠం దాకా తెచ్చింది. కానీ దాని గౌరవాన్ని నిలిపింది ఆయన నడవడికే. 1999 ఏప్రిల్ 17న విశ్వాస తీర్మానంపై, ఒడిశా ముఖ్యమంత్రి అయినా ఎంపీగా కొనసాగుతున్న గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చా అన్న వివాదం రేగింది. బాలయోగి ఆ నిర్ణయాన్ని సభ్యుని విజ్ఞతకే విడిచారు. 269కి వ్యతిరేకంగా 270 ఓట్లు. తన పార్టీ బలపరచిన ప్రభుత్వమే కూలింది. అదే ఏడాది అక్టోబరులో సభ ఆయనను మళ్లీ స్పీకర్‌గా ఎన్నుకుంది. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించే వరకు ఆయన ఆ పదవిలోనే ఉన్నారు.

బ్రిటన్‌లో జౌళి కార్మికుల కుమార్తె బెట్టీ బూత్‌రాయిడ్ 1992లో స్పీకర్ అయ్యారు. అక్కడ స్పీకర్ పార్టీని వదులుకుంటారు. మరుసటి ఎన్నికల్లో ప్రధాన పార్టీలు సాధారణంగా పోటీకి దిగవు. ఇక్కడ మళ్లీ గెలవాలంటే పార్టీ టికెట్టే దిక్కు. ఆస్తి, కులబలం లేనివారికి ఈ పరాధీనత మరింత భారం.

ఇంకో మాట. బాలయోగి, ప్రతిభా భారతి, మీరా కుమార్, గడ్డం ప్రసాద్ కుమార్ నలుగురూ రిజర్వుడు స్థానాల నుంచి గెలిచే స్పీకర్లయ్యారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ జనరల్ స్థానాలు. జనరల్ అంటే అందరిదీ అని చట్టం చెబుతుంది. టికెట్ల పంపిణీలో పార్టీలు దానికి ఏ అర్థం చెబుతున్నాయో విద్యార్థులు నిలదీయాలి. పీఠానికి దారి అక్కడే మొదలవుతుంది.