వేలి మందం బిళ్ల

మా మేనల్లుడు రాజమండ్రి నుంచి ఒక అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. లోపల నాలుగు అల్యూమినియం బిళ్లలు. ఒక్కోటి 20 మిల్లీమీటర్లు, బొటనవేలి మందం. "కారు చక్రాలు లోపలికి నక్కినట్టున్నాయి మావయ్యా. ఈ స్పేసర్లు వేస్తే బయటికొస్తాయి, మలుపుల్లో బండి ఒరగదట. వేయించనా?" అన్నాడు.

చక్రాల ఎడం మార్చడం మన డెల్టాకు కొత్తేమీ కాదు. హ్యారీ ఫెర్గూసన్ ఇంగ్లండులో 1946లో తెచ్చిన టీఈ-20 ట్రాక్టరుకు ఆ ఎడాన్ని 48 అంగుళాల నుంచి 76 దాకా, నాలుగేసి అంగుళాల చొప్పున పెంచుకోవచ్చు. చక్రం నడిమి పళ్లేన్ని తిరగేసి బిగిస్తే సరి. ఆ వంశంలోని మాసీ ఫెర్గూసన్లనే 1960లో మద్రాసులో మొదలైన టాఫే మన పొలాల్లోకి దింపింది. దమ్ము చేసేటప్పుడు అదే ఇరుసుకు కేజ్‌వీల్స్ కూడా తగిలిస్తాం. తట్టుకుంటుంది. ఎందుకంటే ట్రాక్టరును గీసినవాడే ఆ భారాన్ని ముందుగా లెక్కలో వేసుకున్నాడు. 1970లలో పోర్షే తన 911 టర్బో వెనక చక్రాలకు ఫ్యాక్టరీలోనే స్పేసర్లు వేసింది. అక్కడా అంతే, లెక్క ముందు, బిళ్ల తర్వాత.

మావాడి కారుకు ఆ లెక్క ఎవరూ వేయలేదు.

వాడు చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. మలుపులో లోపలి చక్రాల మీది బరువు కొంత బయటి చక్రాల మీదికి మళ్లుతుంది. ఎడం పెరిగితే ఆ మళ్లే బరువు తగ్గుతుంది. 1500 మిల్లీమీటర్ల ఎడం 1540 అయితే తగ్గేది నూటికి రెండున్నర పాళ్లు. లాభం అంతే.

ఇక ఖర్చు. కారు చక్రం మోసే బరువు బేరింగు నడిమికి దగ్గరగా పడేలా చూసి కడతారు. చక్రాన్ని 20 మిల్లీమీటర్లు బయటికి జరిపితే ఆ నాలుగైదు వందల కిలోల బరువు నిలబడి ఉన్నా, నడుస్తున్నా బేరింగును ఒక పక్కకు మెలిపెడుతూనే ఉంటుంది.

మర్నాడు జాకీ ఎత్తి చక్రం ఊడదీశాం. హబ్ నడుమ గుండ్రటి మెడ ఒకటి ఉంటుంది. చక్రం సరిగ్గా దాని మీద కూర్చుంటుంది. బిళ్లను తొడిగి వేలితో నెట్టాను. అటూ ఇటూ కదిలింది. దాని బెజ్జం ఆ మెడకు సరిపోలేదు. అలాంటిది బిగిస్తే చక్రం నడిమి తప్పి తిరుగుతుంది, స్టీరింగు వణుకుతుంది. పలచటి బిళ్లలతో తంటా వేరు. 12 మిల్లీమీటర్ల బోల్టుకు మర చుట్టుకూ చుట్టుకూ మధ్య ఒకటిన్నర మిల్లీమీటర్లుంటే, 5 మిల్లీమీటర్ల బిళ్ల మూడు చుట్లకు పైగా మింగేస్తుంది. నట్టుకు కనీసం ఎనిమిది చుట్లయినా పట్టు ఉండాలి.

నన్ను అన్నిటికన్నా భయపెట్టింది స్టీరింగు సంగతి. ముందు చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో, అది నేలను తాకే చోటుకూ టైరు నడిమికీ మధ్య దూరాన్ని కారు కట్టినవాళ్లు ఎంతో జాగ్రత్తగా పెడతారు. బిళ్ల ఆ దూరాన్ని మార్చేస్తుంది. అప్పుడు ఒక పక్క చక్రం గోతిలో పడగానే స్టీరింగు చేతిలోంచి గుంజుకుంటుంది. మన రోడ్లు చాలావరకు కాలువ గట్ల మీదే కదా. ఎదురుగా వరిగడ్డి లోడు వస్తే ఎడమ చక్రాన్ని తారు దింపి మట్టిలో పెట్టక తప్పదు. గుంజితే పక్కనే కాలువ.

చట్టం కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు కంపెనీ ఇచ్చినదానితో తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

"వద్దురా, తిరిగిచ్చెయ్" అన్నాను. ఆ డబ్బుతో వీల్ అలైన్‌మెంటు చేయించి, అరిగిన ముందు టైర్లు రెండూ మార్పించాడు.

మీ కారుకు ఇప్పటికే స్పేసర్లు వేయించి ఉంటే, ఈ ఆదివారం ఒక చక్రం ఊడదీసి చూడండి. బిళ్ల హబ్ మెడ మీద కదులుతున్నా, నట్టు ఎనిమిది చుట్లు తిరక్కముందే బిగిసిపోయినా, దాన్ని మళ్లీ బిగించకండి.